మీ ప్రశ్నలు: పాడుకోవడానికి రాసిన బంగారు పుటలు

గత సంచిక వెనక అట్ట మీద వేసిన లాటిన్ పాటల పుట చూసి చాలామంది ఉత్తరాలు రాశారు. పెద్ద బంగారు ‘పి’ అక్షరం, దాని కడుపులో పశువుల తొట్టిలో పడుకున్న బాలయేసు, పక్కన నాలుగు ఎర్ర గీతల మీద నల్లని చదరాలు: అదీ ఆ బొమ్మ. ‘పూయెర్ నాతుస్ ఎస్త్ నోబిస్’, అంటే ‘మనకొక బిడ్డ పుట్టాడు’ అనే పాట అది. క్రిస్మస్ పగటి పూజలో ప్రవేశ గీతం. గ్రెగోరియన్ గానం అనే పాత లాటిన్ చర్చి పాటల పద్ధతిలోది. ఒకే రకం ప్రశ్నల్ని కలిపేసి జవాబులిస్తున్నాం.

గ్రెగోరియన్ గానం అంటే పోపు గ్రెగోరీ స్వయంగా కట్టిన పాటలేనా? (గుంటూరు పాఠకురాలు)

పేరు ఆయనది, వరసలు ఆయనవి కావు. మొదటి గ్రెగోరీ 590 నుంచి 604 దాకా పోపుగా ఉన్నారు. ఈ పాటలు మనకు తెలిసిన రూపానికి వచ్చింది ఆ తర్వాత నూటయాభై, రెండొందల ఏళ్లకు. పెపిన్, షార్లమేన్ రాజుల కాలంలో ఫ్రాంకుల రాజ్యంవాళ్లు (నేటి ఫ్రాన్సు, జర్మనీ ప్రాంతాలవాళ్లు) రోము పద్ధతిని తమ గుళ్లలోకి, మఠాల్లోకి తెచ్చుకునే క్రమంలో అది జరిగింది. కొత్త పద్ధతికి గౌరవం ఉన్న పాత పెద్దాయన పేరు పెడితే ఎదురు చెప్పేవాళ్లు తగ్గుతారు. స్విట్జర్లాండ్‌లోని సాంక్ట్ గాలెన్ మఠంలో హార్ట్‌కర్ అనే సన్యాసి 1000 ప్రాంతంలో రాసిన పాటల పుస్తకంలో ఒక బొమ్మ ఉంది. గ్రెగోరీ భుజం మీద పావురం వాలి ఉంటుంది, ఆయన చెబుతుంటే ఎదురుగా ఉన్న లేఖకుడు రాసుకుంటూ ఉంటాడు. పావురం పరిశుద్ధాత్మకు గుర్తు. బొమ్మగా చూడండి, చరిత్రగా చదవకండి.

కొన్ని పాత ప్రతుల్లో గీతలే లేవు. అక్షరాల నెత్తిన ఈగకాళ్లలాంటి గుర్తులున్నాయి. వాటిని చూసి ఎలా పాడేవారు? (విజయనగరం, సంగీత విద్యార్థి)

చూసి పాడేవారు కాదు, వచ్చిన పాటను గుర్తు చేసుకునేవారు. ఆ గుర్తుల్ని న్యూమ్‌లు అంటారు. స్వరం పైకి పోతోందా, కిందికి దిగుతోందా, ఒక అక్షరం మీద ఎన్ని స్వరాలున్నాయి అన్నది అవి చెబుతాయి. ఎంత పైకి, ఎంత కిందికి అన్నది చెప్పవు. ఆ లెక్క గురువు నోటి నుంచే రావాలి. సాంక్ట్ గాలెన్‌లో 920ల్లో రాసిన సన్నపాటి ఏకగాయకుడి పుస్తకం, ఉత్తర ఫ్రాన్సులో లాన్ ఊరి ప్రతి ఇలాంటివే. వీటిలో న్యూమ్ పక్కన ‘సి’ అని చిన్న అక్షరం ఉంటే త్వరగా సాగమని, ‘టి’ ఉంటే నిలిపి పాడమని. స్వరస్థానం రాయనివాళ్లు నడక మాత్రం ఇంత శ్రద్ధగా రాశారు. మన తాళ్లపాకవారి రాగిరేకుల మీద కీర్తనకు రాగం పేరుంది, స్వరం లేదు. అందుకే ఇవాళ మనం వినే అన్నమయ్య వరసల్లో చాలావరకు తర్వాతివాళ్లు కట్టుకున్నవే. ఆ మఠాలవారికీ అదే గతి పట్టేది, గ్వీదో అనే సన్యాసి రాకపోతే.

ఇటలీలో అరెజ్జో ఊరి గ్వీదో 1025-30 ప్రాంతంలో గీతల పద్ధతిని స్థిరపరిచాడు. రెండు గీతలకు రంగు వేయమన్నాడు: ‘ఫా’ గీత ఎరుపు, ‘దో’ గీత పసుపు. ఆ రెంటికే రంగెందుకంటే, వాటి కిందనే అర మెట్టు ఉంటుంది. మన లెక్కలో చెప్పాలంటే శంకరాభరణంలో గ-మ, ని-స మధ్య ఉండే దగ్గరి మెట్లు అవి. గాయకుడు తడబడేది అక్కడే, అందుకే అక్కడ రంగు కనబడాలి. పదేళ్లు నేర్చినా అంతంతమాత్రంగా వచ్చే పాట ఏడాదిలో, మహా అయితే రెండేళ్లలో వస్తుందని ఆయన ఒక లేఖలో రాసుకున్నాడు. ఊత్ (తర్వాత ఇదే ‘దో’ అయింది), రే, మీ, ఫా, సోల్, లా అన్న పేర్లు కూడా ఆయన వాడిన ‘ఊత్ క్వేయాంత్ లాక్సిస్’ స్తోత్రంలో పాదాల మొదటి అక్షరాలే.

మీరు వేసిన పుటలోని చదరాల్ని చదవడానికి కిటుకు ఏమైనా ఉందా?

ఉంది, ఒక సాయంత్రం చాలు. గీతలు నాలుగు. ఎడమ చివర ‘సి’ ఆకారం ఏ గీతను పట్టుకుని ఉంటే అది ‘దో’. ఒక్కోసారి ‘ఎఫ్’ గుర్తు ఉంటుంది, అది ‘ఫా’. గుర్తు మూడో గీత నుంచి నాలుగో గీతకు జరగవచ్చు, కాబట్టి కొత్త వరసకు వచ్చినప్పుడల్లా ముందు దాన్ని చూడండి. కొత్తగా చదివేవాళ్లు ఎక్కువగా తప్పేది ఇక్కడే.

రెండు చదరాలు ఒకదాని మీద ఒకటి నిలబడి ఉంటే కిందది ముందు, పైది తర్వాత. అడ్డంగా ఏటవాలుగా లాగిన లావు పట్టీ కనిపిస్తే అది జారుడు కాదు. పట్టీ మొదలు ఒక స్వరం, చివర ఇంకో స్వరం, మధ్యలో ఏమీ లేదు. దాన్ని గమకంలా లాగేస్తే తప్పు. వరస చివర కుడి అంచున చిన్న తోక గుర్తు కనిపిస్తే అది పాడేది కాదు. కింది వరస ఏ స్వరంతో మొదలవుతుందో ముందే చెప్పే గుర్తు, దాని పేరు కుస్తోస్, అంటే కాపలాదారు.

ఇక శ్రుతి మీ ఇష్టం. ‘దో’ అంటే ఫలానా కట్ట అని లేదు, మన దగ్గరలాగే గొంతుకు తగ్గట్టు పెట్టుకోవాలి. తాళం లేదు, మాటల నడకే నడక. వేసిన పాట మొదట్లోనే స నుంచి ప దాకా ఒక్క అంగ వేస్తుంది. క్రిస్మస్ పొద్దున ఆ గెంతు వినగానే ఏ పాటో తెలిసిపోతుంది.

పాటల మధ్యలో ‘ఎఊఓఊఆఎ’ అని అచ్చులే రాసి ఉన్నాయి. ఏ భాష?

లాటినే, హల్లులు తీసేసిన లాటిన్. ప్రతి కీర్తన చివర పాడే స్తుతి ‘సెకులోరుమ్ ఆమెన్’ (యుగయుగాలకు, ఆమెన్) అని ముగుస్తుంది. స్థలం మిగల్చడానికి లేఖకుడు అందులో అచ్చులు మాత్రం రాసి, వాటి మీద ముగింపు స్వరాలు వేస్తాడు. కీర్తనను ఏ రకంగా ముగిస్తే మళ్లీ పల్లవిలాంటి యాంటిఫన్‌లోకి సాఫీగా వెళ్లవచ్చో ఆ ఆరు అచ్చుల మీద ఉంటుంది. మంత్రమనీ, రహస్య సంకేతమనీ అమ్మేవాళ్లున్నారు, నమ్మకండి.

అంత బంగారం దేనికి? దేవుడి మహిమ కోసమేనా? (రాజమహేంద్రవరం)

మహిమ ఉంది, అంతకు ముందు అవసరం ఉంది. ఈ పుస్తకాలకు ఇప్పటిలా విషయసూచికలు ఉండవు, ఉన్నా చీకటి కోవెలలో తెల్లవారుజామున ఎవరు వెతుకుతారు? పెద్ద వ్యాసపీఠం మీద పుస్తకం తెరిచి, చుట్టూ నిలబడి అందరూ ఒకే పుట చూసి పాడేవారు. అందుకే 15వ శతాబ్దపు ఇటలీ ప్రతుల్లో పుట ఎత్తు 60 సెంటీమీటర్లు దాటుతుంది, ఒక్క పుటలో నాలుగైదు వరసలకు మించి పాట పట్టదు. పుటలు తిప్పుతుంటే కంటికి తగలాల్సింది పండుగ.

పెద్ద పండుగకు బొమ్మ ఉన్న బంగారు అక్షరం. తర్వాతి స్థాయికి తీగల అక్షరం. మామూలు రోజులకు ఎరుపు, నీలం మార్చి మార్చి కలంతో గీసిన అక్షరాలు. ఈ మెట్లు తెలిస్తే లాటిన్ రాకపోయినా పుస్తకంలో ఎక్కడున్నారో చెప్పొచ్చు. పూజ పాటల పుస్తకమైన గ్రాడ్యువల్ మొదటి పుటలో బ్రహ్మాండమైన ‘ఏ’ ఉంటుంది: ‘ఆద్ తె లెవావి’, క్రిస్మస్‌కు ముందు వచ్చే ఆగమన కాలం మొదటి ఆదివారం. ‘నా ఆత్మను నీ వైపు ఎత్తుతున్నాను’ అని మాట. చాలా ప్రతుల్లో చిత్రకారుడు దాన్ని అక్షరాలా తీసుకుని, దావీదు రాజు చేతుల్లో బుల్లి మనిషిని పెట్టి పైకి ఎత్తించేస్తాడు. ఆ బుల్లి మనిషే ఆత్మ. ‘ఆర్’ లో సమాధి నుంచి లేస్తున్న క్రీస్తు ఉంటే ‘రెసుర్రెక్సి’, ఈస్టర్. ‘వి’ లో పైకి చూస్తున్న శిష్యులు, మేఘంలో రెండు పాదాలు మాత్రమే కనిపిస్తే ‘విరి గలిలేయి’, ఆరోహణ పండుగ. ‘ఎస్’ లో పావురం ఉంటే పెంతెకోస్తు.

ఒక్కరే రాసేవారా? ఎన్ని తోళ్లు పట్టేవి?

పెద్ద ప్రతిలో ఇద్దరు ముగ్గురి చేయి కనబడుతుంది: మాటలు రాసేవారు, స్వరాలు వేసేవారు, బొమ్మలు వేసేవారు. జర్మనీలో ఓస్నాబ్రూక్ దగ్గరి రుల్లె మఠంలో 1300 ప్రాంతంలో తయారైన గ్రాడ్యువల్‌లో మాత్రం, గిసెలా ఫాన్ కెర్సెన్‌బ్రోక్ అనే మఠకన్య దీన్ని రాసి, స్వరాలు వేసి, పుటల అంకెలు వేసి, బంగారు అక్షరాలతో అలంకరించిందని రాసి ఉంది. అంతా ఆమె చేతి పనేనా అని పండితులు వాదించుకుంటూనే ఉన్నారు. పాడుతున్న మఠకన్యల బొమ్మలో ‘గిస్లె’ అని పేరు కూడా రాసి ఉంది.

ఈ పుటలు కాగితం కాదు, జంతువుల తోలుతో చేసిన పత్రాలు. తోళ్ల లెక్క ఇలా. 60 సెంటీమీటర్ల ఎత్తు పుటకు, మడిచిన రెండాకుల జంట ఒక తోలులో ఒకటే వస్తుంది. 200 ఆకుల పుస్తకానికి 100 దూడలో గొర్రెలో కావాలి, మచ్చ పడి పారేసినవి కాక. ఇది చెప్పుల తోలులా పదును చేసినది కాదు. సున్నపు నీళ్లలో రోజుల తరబడి నానబెట్టి, వెంట్రుకలు గీకి, చట్రానికి తాళ్లతో బిగించి, తడిగా ఉండగానే అర్ధచంద్రాకారపు కత్తితో చెక్కి, బిగువుగానే ఆరబెడతారు. బిగువులో ఆరడమే కిటుకు. వదులుగా ఆరితే అది అట్టలాంటి పచ్చితోలు అవుతుంది, పత్రం కాదు. చెక్కేటప్పుడు కత్తి మొన కాస్త తగిలినా ఆ గాటు లాగుడికి గుండ్రటి కన్నమవుతుంది. పాత ప్రతుల్లో అలాంటి కన్నాలు చాలా ఉంటాయి, లేఖకుడు వాటి చుట్టూ తప్పుకుని రాసుకుపోతాడు.

ఇంట్లో ఒక పుట చేసి చూడాలని ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి? (హైదరాబాద్, చిత్రకళ ఉపాధ్యాయురాలు)

మంచి పని. తోలు పత్రం దొరకడం కష్టం, ఖరీదు. 300 గ్రాముల నున్నటి నూలు కాగితం ఏ3 సైజులో తీసుకోండి. గరుకు కాగితం మీద బంగారం మెరవదు.

సిరాతో మొదలుపెట్టండి. పాత వంటకాల్లో తరచూ కనిపించే పాళ్లు మూడు, రెండు, ఒకటి: మాచికాయలు 30 గ్రాములు, అన్నభేది (ఇనుప సల్ఫేటు) 20 గ్రాములు, తుమ్మజిగురు 10 గ్రాములు, నీళ్లు 300 మిల్లీలీటర్లు. మొదటి రెండూ మూలికల కొట్లో దొరుకుతాయి. మాచికాయల్ని కచ్చాపచ్చాగా దంచి రెండు మూడు రోజులు నీళ్లలో నానబెట్టి, వడగట్టి, అన్నభేది కలిపితే ఒక్కసారిగా నల్లబడుతుంది. చివర జిగురు. రాసినప్పుడు పలచగా బూడిదరంగులో ఉంటే కంగారు పడకండి, గాలి తగిలి గంటల్లో నల్లనవుతుంది. కరక్కాయ పట్టిన గుడ్డ మీద ఇనుప నీళ్లతో గీస్తే శ్రీకాళహస్తి కలంకారీలో నలుపు వచ్చేదీ ఇదే రసాయనంతో. అన్నభేది పాలు పెంచితే మరింత నలుపు వస్తుందనుకుంటారు. రాదు, మిగిలిన ఇనుము పుటను ఏళ్ల తరబడి తినేస్తుంది. యూరప్ ప్రతుల్లో అక్షరాల ఆకారంలోనే చిరుగులు కనబడేది అందుకే. జిగురు తగ్గితే సిరా కలం మీద నిలవక కాగితంలోకి పాకుతుంది.

గీతల మధ్య 8 మిల్లీమీటర్లు, అంటే నాలుగు గీతలకు 24. దాని కింద మాటకు 18. చదరాలకు 6 మిల్లీమీటర్ల వెడల్పు మొన చాలు. చదరం గీసి నింపేది కాదు, వెడల్పు మొన పెట్టి కాస్త జరిపితే వచ్చేది. ఎర్ర గీతలు ముందు గీసుకున్నా పర్వాలేదు గానీ మాట ముందు, స్వరం తర్వాత. ఇక్కడే అందరూ దెబ్బతింటారు. ‘అలెలూయ’ చివరి ‘య’ మీద ముప్పై స్వరాలున్నా, రాసేవారు దాని పక్కనే తర్వాతి మాట రాసేస్తారు, స్వరాలు ఇరుక్కుని పక్క అక్షరం మీదికి ఎక్కేస్తాయి. పాత లేఖకులకూ ఇది జరిగింది, స్వరాలు కుక్కి కుక్కి వేసిన పుటలు బోలెడు. ముందు చిత్తు కాగితం మీద ఒక్కో అక్షరానికి ఎన్ని స్వరాలో లెక్కేసుకుని అంత జాగా వదలండి.

ఇక బంగారం. అక్షరం రూపం పెన్సిల్‌తో గీశాక, ఏ రంగూ తాకకముందే బంగారం పని పూర్తవ్వాలి. రంగులోని జిగురుకు కూడా రేకు అంటుకుంటుంది, పైగా మెరుగు పెట్టేటప్పుడు రంగు చెదురుతుంది. రేకు కింద ఉబ్బుగా కనబడే మెత్త పేరు జెస్సో. 8 పాళ్లు చంపిన ప్లాస్టర్, 3 పాళ్లు సీసపు తెలుపు, ఒక పాలు పంచదార, ఒక పాలు జిగురు. ‘చంపడం’ అంటే ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌ను బకెట్టు నీళ్లలో వేసి రోజూ కలుపుతూ గట్టిపడే గుణం పోగొట్టడం. 1400 ప్రాంతపు ఇటలీ చిత్రకారుడు చెన్నీనో చెన్నీని నెల రోజులు కలపమన్నాడు. సీసపు తెలుపు విషం, ఇంట్లో దాని బదులు టైటానియం తెలుపు వాడండి.

జెస్సోను రాయి మీద నూరి, పలుచగా మూడు నాలుగు పూతలు బొట్లుబొట్లుగా పోయాలి. బుడగ వస్తే సూదితో అప్పుడే పొడవండి, ఆరాక అది గుంట. రాత్రంతా ఆరనిచ్చి, కత్తితో నున్నగా గీకి, కాగితపు గొట్టంలోంచి నాలుగైదు సార్లు నోటి ఆవిరి పట్టండి. ఊదకూడదు, అద్దం మీద ‘హా’ అన్నట్టు. ఆ తడికి పంచదార బంకగా మారుతుంది, వెంటనే రేకు వేసి పట్టుగుడ్డ మీంచి నొక్కాలి. కాసేపాగి అకీకు (అగేట్) రాయితో రుద్దితే మెరుగు వస్తుంది. రేకు 23 క్యారెట్ల అసలుదై ఉండాలి. ఇత్తడి రేకు నోటి ఆవిరికి అంటదు, అంటినా నల్లబడుతుంది.

మే నెల ఎండలో జెస్సో ఎండిపోయి రేకు పట్టకపోతే తెల్లవారుజామున పని చేయండి. కోస్తాలో వానల రోజుల్లో దీనికి తలకిందులు: పంచదార గాలిలోని తడి పీల్చుకుని మెత్తగానే ఉంటుంది, రాయి పెట్టగానే బంగారంతో సహా లేచివస్తుంది. అప్పుడు పంచదార సగానికి తగ్గించండి. ఆరాక పగుళ్లు వస్తే జిగురు ఎక్కువైనట్టు, పొడిగా రాలితే తక్కువైనట్టు.

రంగులు చివర. నీలానికి కృత్రిమ అల్ట్రామెరైన్ తుమ్మజిగురు నీళ్లతో చాలు. అప్పట్లో మేలైన నీలం అఫ్ఘానిస్తాన్ బదఖ్షాన్ గనుల లాజవర్దు రాయి నూరి తీసేవారు, అందుకే కొన్నిచోట్ల బంగారంతో సమానంగా చూసేవారు. ఇంగిలీకం అనే ఎరుపులో పాదరసం, హరిదళం అనే పసుపులో పాషాణం (ఆర్సెనిక్) ఉన్నాయి. వాటి జోలికి పోకుండా ట్యూబు రంగులు వాడండి. సిందూరం లాటిన్ పేరు మినియుమ్. దానితో పని చేసే చిత్రకారుడి పనికే మినియేచర్ అన్న పేరు వచ్చింది, చిన్నది కాబట్టి కాదు.

డాలస్‌లో ఒక పాత వస్తువుల దుకాణంలో ‘మధ్యయుగపు పాట పుట’ అని కొన్నాను. అసలుదేనా?

అసలుదే కావచ్చు, మధ్యయుగానిది కాకపోవచ్చు. అమెరికా బజారులో ఇలా తిరిగే పెద్ద పుటల్లో చాలావరకు స్పెయిన్‌లో 16, 17 శతాబ్దాల్లో, ఇంకా తర్వాత రాసినవి. అక్కడి మఠాలు తోలు పత్రం మీద చేత్తో పాటల పుస్తకాలు రాయడం చాలాకాలం మానలేదు. గీతలు నాలుగు కాక ఐదున్నాయంటే ఆ అనుమానం బలపడుతుంది.

ముందు భూతద్దం పెట్టండి. రంగులో సన్నని చుక్కల వల కనబడితే అచ్చు, ఆశ వదులుకోండి. వెంట్రుకల వైపు పసుపు ఛాయ, రోమకూపాల చుక్కలు ఉంటాయి, మాంసపు వైపు తెల్లగా ఉంటుంది. గీతలు గీసుకోవడానికి అంచున పొడిచిన సూదిపోట్లు, కుట్టు కన్నాలు వెతకండి. పాట మామూలుగా ఉండి బొమ్మ మరీ ముచ్చటగా ఉంటే జాగ్రత్త. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఒక దొంగచిత్రకారుడు నిజమైన పాత పాటల పుటల్ని గీకి, వాటి మీద కొత్త బొమ్మలు వేసి అమ్మాడు. ఆయన పేరు నేటికీ తెలియదు. 1930లో న్యూయార్క్ మోర్గన్ గ్రంథాలయపు బెల్ డా కోస్టా గ్రీన్ ఆ పనులన్నీ ఒకే చేతివని గుర్తించి ‘స్పానిష్ ఫోర్జర్’ అని పేరు పెట్టింది. రసాయన పరీక్షలో ఆయన్ని పట్టించింది ఆకుపచ్చ: 18వ శతాబ్దం చివరికి గానీ పుట్టని రాగి-పాషాణం రంగు.

ఏ పాటో తెలుసుకోవాలంటే ‘కాంతుస్’ అనే ఉచిత సూచికలో మొదటి నాలుగు మాటలు కొట్టి వెతకండి. ఒక మాట చెప్పక తప్పదు. ఇలాంటి విడి పుట చేతికొచ్చిందంటే ఎక్కడో ఒక పుస్తకం చీలినట్టే. 1825లో లండన్ క్రిస్టీస్ వేలంలో చెలోత్తి అనే వ్యాపారి ఇటలీ ప్రతుల నుంచి కోసిన బొమ్మల్ని అమ్మాడు. కళ మీద అన్ని పుస్తకాలు రాసిన ఆంగ్ల విమర్శకుడు రస్కిన్ కూడా తన దగ్గరి ప్రతుల ఆకుల్ని విడదీసినవాడే. ఇకమీదట కొనేముందు ఎక్కడి నుంచి వచ్చిందో కాగితం అడగండి.

దాన్ని గోడకు ఎలా తగిలించాలి?

తోలు పత్రానికి ప్రాణం ఉందనుకోండి. వానాకాలంలో మెత్తబడిన డప్పును మంట చూపి బిగిస్తారు కదా, ఇదీ అదే జాతి. తడికి ఉబ్బుతుంది, పొడికి ముడుచుకుంటుంది. అలా కదిలినప్పుడల్లా దాని మీది మందపాటి సిరా, బంగారం పెచ్చులుగా లేస్తాయి. వెనకటి ప్రతులకు మందపాటి చెక్క అట్టలు, లోహపు కొక్కేలు పెట్టింది ఆ తోలును నొక్కి పట్టడానికే. గాలిలో తేమ 50 శాతం దగ్గర నిలకడగా ఉండే గోడ ఎంచుకోండి. వంటింటి గోడ, ఏసీ ఎదురు గోడ, ఎండ పడే గోడ వద్దు. అద్దం పుటకు తగలకుండా మధ్యలో ఆమ్లం లేని అట్ట చట్రం పెట్టించండి. వెనక టేపు, ఫెవికాల్ లాంటివి అస్సలు వద్దు. పై అంచున రెండు చోట్ల పలుచని జపాన్ కాగితపు పట్టీలు గోధుమపిండి గంజితో అంటించి వేలాడదీస్తే, మిగతా మూడు వైపులా అది స్వేచ్ఛగా కదులుతుంది. గంజి బాగా చిక్కగా, తడి తక్కువగా ఉండాలి. లేకపోతే ఆ రెండు చోట్లే ముడతలు పడతాయి.